పాత కంప్యూటర్లకు తగిన డిస్‌ప్లే డ్రైవర్

డిస్‌ప్లే డ్రైవర్ అనేది కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ చిప్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య నిలిచి, తెర మీద ఏం కనబడాలో సిస్టమ్ చెప్పే మాటను ఆ చిప్ మాత్రమే అర్థం చేసుకోగల ఆదేశాలుగా మార్చి అందించే సాఫ్ట్‌వేర్. కొత్తగా కొన్న కంప్యూటర్‌లో అది ముందే ఎక్కించి ఉంటుంది కాబట్టి వాడేవారికి దాని ఉనికే తెలియదు. ఎనిమిది, పదేళ్లు దాటిన కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేసినప్పుడో, వైరస్ పట్టి ఫార్మాట్ కొట్టినప్పుడో, విండోస్ 7 స్థానంలో విండోస్ 10 ఎక్కించినప్పుడో మాత్రం దాని కోసం వెతుకులాట మొదలవుతుంది. అప్పటికి మదర్‌బోర్డుతో వచ్చిన డ్రైవర్ సీడీ ఎక్కడో పోయి ఉంటుంది, తయారుచేసిన సంస్థ ఆ మోడల్‌ను ఎప్పుడో వదిలేసి ఉంటుంది. ఇలాంటప్పుడు ఎక్కువమంది అన్నిటికంటే కొత్త డ్రైవర్ కోసం చూస్తారు. గ్రాఫిక్స్ చిప్‌ల తయారీదారులు కొన్నేళ్లకొకసారి పాత చిప్‌లను తమ డ్రైవర్ల నుంచి తొలగిస్తూ పోతారు కనుక, నిజానికి కావలసింది ఆ చిప్‌ను చివరిసారిగా గుర్తించిన డ్రైవర్. అది ఏదో తేలాలంటే చిప్ అసలు గుర్తింపు, ఆపరేటింగ్ సిస్టమ్ ఆమోదించే డ్రైవర్ నమూనా, తయారీదారు మద్దతు ఆపేసిన కాలం అనే మూడూ ముందుగా తెలియాలి.

డ్రైవర్ లేని తెర

సరైన డ్రైవర్ లేకపోయినా తెర పూర్తిగా ఆరిపోదు. ఐబీఎం సంస్థ 1987లో పీఎస్/2 శ్రేణి కంప్యూటర్లతో ప్రవేశపెట్టిన వీజీఏ ప్రమాణం అడ్డంగా 640, నిలువుగా 480 బిందువులను 16 రంగుల్లో చూపగలిగేది. ఆ తరవాత వచ్చిన పీసీ గ్రాఫిక్స్ చిప్‌లన్నీ చాలాకాలం పాటు ఈ కనీస మర్యాదను పాటించాయి. దానికి మించిన రిజల్యూషన్ల కోసం వెసా అనే ప్రమాణాల సంస్థ బయోస్‌కు కొన్ని పొడిగింపులను రూపొందించింది. బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చాక అందులోనే ఇలాంటి ఏర్పాటు మరొకటి చేరింది. విండోస్ 7 వరకు ‘స్టాండర్డ్ వీజీఏ గ్రాఫిక్స్ అడాప్టర్’ అని, విండోస్ 8 నుంచి ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని డివైస్ మేనేజర్‌లో కనబడేవి ఈ కనీస ఏర్పాట్ల మీద ఆధారపడే సాధారణ డ్రైవర్లే. విండోస్ ఎక్స్‌పీ అయితే పసుపు రంగు ప్రశ్నార్థకం పక్కన ‘వీడియో కంట్రోలర్’ అని మాత్రం రాసి ఊరుకునేది.

ఈ సాధారణ డ్రైవర్‌తో పనులు జరుగుతాయి గాని, చిప్‌లోని వేగవంతమైన భాగాలన్నీ ఖాళీగా కూర్చుంటాయి. 1366 x 768 బిందువుల తెరలో ఒక్కో బిందువుకు నాలుగు బైట్ల చొప్పున ఒక్క పూర్తి చిత్రానికి దాదాపు 42 లక్షల బైట్లు కావాలి. కిటికీని పక్కకు లాగినా, పేజీని పైకి జరిపినా ఈ రాతపనంతా ప్రాసెసరే స్వయంగా చేయవలసి వస్తుంది గనుక, లాగిన కిటికీ అలలు అలలుగా కదులుతుంది, వీడియో తెగి తెగి ఆడుతుంది. లాప్‌టాప్‌లో వెలుతురు తగ్గించే మీటలు పనిచేయవు, రెండో మానిటర్ గాని ప్రొజెక్టర్ గాని వెలగదు, చాలా సందర్భాల్లో కంప్యూటర్‌ను నిద్రావస్థకు పంపే వీలు కూడా మెనూలోంచి మాయమవుతుంది. అన్నిటికంటే ముందు కంట్లో పడేది అక్షరాల సాగుడు. పాత వీడియో బయోస్‌లో 4:3 నిష్పత్తి గల 1024 x 768 వంటి కొలతలే ఉండడం వల్ల, వెడల్పాటి తెర మీద గుండ్రటి సున్న కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. సరైన డ్రైవర్ వేసిన తరవాత కూడా కొన్ని పాత చిప్‌లు 1366కు బదులు 1360 బిందువుల వెడల్పునే చూపడం కద్దు. అడ్డు బిందువుల సంఖ్య ఎనిమిదితో నిశ్శేషంగా భాగింపబడాలన్న నియమం ఆ చిప్‌లలో ఉండడం, 1366 ఆ నియమానికి లొంగకపోవడం ఇందుకు కారణం. ఇది డ్రైవర్ లోపమని భ్రమపడి ఒకదాని తరవాత ఒకటి మార్చి చూసేవారికి ఫలితం ఉండదు.

చిప్ చెడిపోయిన లక్షణాలను డ్రైవర్ లేని లక్షణాలుగా పొరబడడం కూడా తరచు జరుగుతుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే, విండోస్ ఇంకా మొదలుకాక ముందే, బయోస్ తెర మీదనే గీతలు, చుక్కలు, రంగుల మరకలు కనబడితే దోషం డ్రైవర్‌ది కాదు. ఆ దశలో డ్రైవర్ ఇంకా మెమరీలోకే రాదు.

డ్రైవర్ నమూనాల మార్పు

డాస్ కాలంలో ఆటోక్యాడ్, లోటస్ 1-2-3 వంటి ప్రోగ్రాములు ఒక్కొక్కటీ రకరకాల కార్డులకు పనికివచ్చే డిస్‌ప్లే డ్రైవర్లను తమ వెంటే తెచ్చుకునేవి. ఒకే డ్రైవర్ వేస్తే అన్ని ప్రోగ్రాములూ దాన్నే వాడుకునే సౌకర్యం విండోస్‌తో అలవాటయింది, దాంతో పాటే ఆ ఒక్క డ్రైవర్ పోతే అన్నీ ఆగిపోయే పరిస్థితి కూడా వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ దాకా డిస్‌ప్లే డ్రైవర్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో, అంటే దాని అంతర్భాగంలో పనిచేసేది. అక్కడ చిన్న తప్పు దొర్లినా కంప్యూటర్ మొత్తం నీలి తెరతో నిలిచిపోయేది. 2007 జనవరిలో విడుదలైన విండోస్ విస్టాతో మైక్రోసాఫ్ట్ డబ్ల్యూడీడీఎం అనే కొత్త నమూనాను తెచ్చి, డ్రైవర్‌ను రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్కను కెర్నల్ బయట ఉంచింది. చిప్ రెండు సెకన్ల పాటు బదులివ్వకపోతే సిస్టమ్ దాన్ని మళ్లీ మొదలుపెట్టి, డ్రైవర్ స్పందించడం మానేసి తిరిగి కోలుకున్నదని చిన్న సందేశం చూపే పద్ధతి అప్పటినుంచే ఉంది.

పాత కంప్యూటర్ల యజమానులకు ఈ మార్పు ఎంతగా తగిలిందో చెప్పడానికి ఇంటెల్ 915 చిప్‌సెట్ ఉదంతం ఒక్కటి చాలు. విస్టా విడుదలకు ముందు 2006లో, ఆ సిస్టమ్‌ను నడపగలవని సూచించే ‘విస్టా కేపబుల్’ ముద్రలతో అమ్ముడైన కంప్యూటర్లలో ఈ చిప్‌సెట్ గలవి కూడా ఉన్నాయి. దానిలోని గ్రాఫిక్స్ భాగానికి డబ్ల్యూడీడీఎం డ్రైవర్ రానే లేదు. విస్టా ఎక్కుతుంది గాని ఎక్స్‌పీ తరహా డ్రైవర్‌తో నడుస్తుంది. ప్రకటనల్లో చూపిన ఏరో అనే పారదర్శకమైన అలంకరణ మాత్రం ఎప్పటికీ కనబడదు. కొనుగోలుదారులు 2007లో అమెరికాలో మైక్రోసాఫ్ట్ మీద దావా వేయగా, 2008లో దానికి సామూహిక వ్యాజ్యం హోదా దక్కింది, మరుసటి ఏడాది న్యాయస్థానమే ఆ హోదాను తొలగించింది. దావాతో బయటపడ్డ అంతర్గత ఉత్తరాలు మాత్రం డ్రైవర్ అనే అప్రధానంగా కనబడే వస్తువు వెనుక ఎంత వ్యాపార లెక్క నడుస్తుందో లోకానికి చూపాయి.

విండోస్ 7 పాత నమూనా డ్రైవర్లను కూడా అంగీకరిస్తుంది. విండోస్ 8 నుంచి ఆ తలుపు మూతపడింది. అందువల్ల ఎక్స్‌పీ కాలపు డ్రైవర్ తప్ప మరొకటి లేని చిప్‌కు విండోస్ 7 ఆఖరి మజిలీ. విండోస్ 11 అయితే డబ్ల్యూడీడీఎం 2.0 నమూనాను, డైరెక్ట్‌ఎక్స్ 12కు తగిన చిప్‌ను కోరుతుంది. వీటికి తోడు 32 బిట్ల సిస్టమ్‌కు 32 బిట్ల డ్రైవర్, 64 బిట్ల సిస్టమ్‌కు 64 బిట్ల డ్రైవర్ మాత్రమే పనికివస్తుంది. సాధారణ ప్రోగ్రాముల విషయంలో ఉండే సడలింపు ఇక్కడ లేదు. ఆటమ్ ప్రాసెసర్ల చిన్న లాప్‌టాప్‌లలో వచ్చిన ఇంటెల్ జీఎంఏ 3600 గ్రాఫిక్స్‌కు 32 బిట్ల విండోస్ 7 డ్రైవర్ మాత్రమే రావడంతో, ఆ ప్రాసెసర్లు 64 బిట్ల సిస్టమ్‌ను నడపగలిగినా తెర కోసం 32 బిట్లకే పరిమితం కావలసి వచ్చింది. ఆ గ్రాఫిక్స్ భాగాన్ని ఇంటెల్ స్వయంగా రూపొందించలేదు, ఇమాజినేషన్ టెక్నాలజీస్ నుంచి లైసెన్సు తీసుకుంది.

దీనికి తలకిందులుగా, కొత్త కంప్యూటర్ మీద పాత సిస్టమ్‌ను నడపవలసిన సమస్య తెలుగు నాట డీటీపీ కేంద్రాలకు బాగా పరిచయం. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ఏళ్ల తరబడి కూర్చిన పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు పాత పద్ధతిలోనే ఉండిపోవడం వల్ల, కంప్యూటర్ పాడైతే కొత్తది కొని దాని మీద కూడా ఎక్స్‌పీనే ఎక్కించాలని చూసినవారు ఎందరో. ఇంటెల్ ఎక్స్‌పీ కోసం గ్రాఫిక్స్ డ్రైవర్లను 2012 నాటి మూడో తరం కోర్ ప్రాసెసర్లతో ఆపేసింది. నాలుగో తరం నుంచి ఎక్స్‌పీ ఎక్కినా తెర సాధారణ డ్రైవర్ మీదనే నడవాలి. కొత్త కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ వంటి ప్రోగ్రాము ద్వారా ఎక్స్‌పీని ఒక కల్పిత యంత్రంలో నడిపితే ఈ చిక్కు తొలగుతుంది, ఎందుకంటే ఆ కల్పిత యంత్రానికి కావలసిన డిస్‌ప్లే డ్రైవర్ ఆ ప్రోగ్రాముతోనే వస్తుంది.

చిప్ అసలు గుర్తింపు

కంప్యూటర్ పెట్టె మీది పేరు, కార్డు అట్టపెట్టె మీది పేరు, బిల్లు మీద రాసిన పేరు డ్రైవర్ అన్వేషణలో నమ్మదగినవి కావు. పేర్లు వ్యాపార విభాగాలు పెట్టేవి. ఒకే పేరుతో వేర్వేరు చిప్‌లు, వేర్వేరు పేర్లతో ఒకే చిప్ అమ్మడం ఈ పరిశ్రమలో మామూలు. ఎన్విడియా జీఫోర్స్ 4 ఎంఎక్స్ పేరులో నాలుగు ఉన్నా నిర్మాణంలో జీఫోర్స్ 2కు దగ్గర. ఏటీఐ రేడియాన్ 9200, 9500 కార్డులు పేరులో అన్నదమ్ముల్లా కనబడినా రెండో దానిలోనిది పూర్తిగా కొత్త తరం చిప్. మన దేశంలో విరివిగా అమ్ముడైన జీఫోర్స్ జీటీ 730 కార్డు ఇంకా విచిత్రమైనది: ఆ ఒక్క పేరుతో ఫెర్మీ తరానికి చెందిన చిప్ గల కార్డులు, కెప్లర్ తరానికి చెందిన చిప్ గల కార్డులు పక్కపక్కనే అమ్ముడయ్యాయి. పేరు చూసి డ్రైవర్ దింపుకున్న ఇద్దరిలో ఒకరికి పనిచేసి, మరొకరికి ఈ సిస్టమ్‌కు తగిన హార్డ్‌వేర్ దొరకలేదన్న సందేశం రావడంలో వింత లేదు.

పేర్లు మోసగించే చోట సంఖ్యలు ఆదుకుంటాయి. పీసీఐ ప్రమాణం 1990లలో వచ్చినప్పటి నుంచి కంప్యూటర్‌లో అమరే ప్రతి పరికరంలోనూ రెండు గుర్తింపు సంఖ్యలు చెక్కి ఉంటాయి. మొదటిది తయారీదారుది, రెండోది పరికరానిది. ఒక్కొక్కటీ పదహారు ఆధారంగా గల లెక్కింపులో నాలుగు స్థానాల సంఖ్య కాబట్టి, అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు కూడా వాటిలో రావచ్చు. తయారీదారు సంఖ్యలను పీసీఐ ప్రమాణాలు చూసే సంఘం కేటాయిస్తుంది: ఇంటెల్‌ది 8086, ఏటీఐది 1002, వయాది 1106, సిస్‌ది 1039, ఎన్విడియాది 10డీఈ. ఇంటెల్ తన సంఖ్యగా 1978లో వచ్చిన తన ప్రసిద్ధ ప్రాసెసర్ పేరునే పెట్టుకుంది. పీసీఐకి ముందున్న ఐఎస్ఏ కార్డులకు ఈ వసతి లేదు. వాటి విషయంలో మూత విప్పి, చిప్ మీద ముద్రించిన అక్షరాలను భూతద్దంతో చదవడమే మార్గం.

ఈ సంఖ్యలను చూడడానికి ప్రత్యేకమైన సాధనాలేమీ అక్కర్లేదు. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, డిస్‌ప్లే అడాప్టర్స్ కింద గాని అదర్ డివైసెస్ కింద గాని ఉన్న పరికరం మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ అనే విభాగానికి వెళ్లి, జాబితాలోంచి హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే ఒకదాని కింద ఒకటిగా కొన్ని పొడవాటి వరుసలు కనబడతాయి. డ్రైవర్ లేకపోయినా ఇవి కనబడతాయి. ఇదే వీటి ప్రయోజనం. వరుసలో ‘వెన్’ అనే మూడక్షరాల తరవాత 8086 అని, ‘డెవ్’ తరవాత 2772 అని ఉంటే అది ఇంటెల్ 945జీ చిప్‌సెట్‌లోని జీఎంఏ 950 గ్రాఫిక్స్ అని నిస్సందేహంగా చెప్పవచ్చు; 2582 అని ఉంటే అది పైన చెప్పిన 915జీ. పై జీటీ 730 కార్డుల్లో ఫెర్మీ రకానికి 0ఎఫ్02 అని, కెప్లర్ రకానికి 1287 అని పరికర సంఖ్య ఉంటుంది. వరుసలో ఆ తరవాత వచ్చే ‘సబ్‌సిస్’ అనే భాగం ఆ చిప్‌ను తన బోర్డులో అమర్చిన సంస్థను, మోడల్‌ను సూచిస్తుంది. లాప్‌టాప్‌ల విషయంలో దీనికి ప్రాముఖ్యం ఎక్కువ.

డివైస్ మేనేజర్ చూపే దోష సంఖ్యలు కూడా కొంత దారి చూపుతాయి. 28 అంటే డ్రైవర్ అసలు వేయలేదని, 10 అంటే పరికరం మొదలుకాలేకపోయిందని, 52 అంటే డ్రైవర్ సంతకం ధ్రువపడలేదని అర్థం. 43 అంటే పరికరం తానే ఏదో సమస్యను నివేదించిందని. పాత గ్రాఫిక్స్ కార్డుల్లో ఇది కనబడి, డ్రైవర్ మార్చినా పోకపోతే, చిప్‌కే చేటు వచ్చిందన్న అనుమానానికి బలం చేకూరుతుంది.

తయారీదారుల గడువులు

చిప్ ఏదో తేలాక, దానికి ఆఖరి డ్రైవర్ ఏదన్న ప్రశ్నకు ఒక్కో తయారీదారు దగ్గర ఒక్కో తీరు సమాధానం ఉంటుంది. ఎన్విడియా పద్ధతి వీటిలో స్పష్టమైనది. ఆ సంస్థ ఒకే డ్రైవర్‌తో అనేక తరాల చిప్‌లను నడిపిస్తూ, ఒక తరాన్ని వదిలేసినప్పుడు ఆ తరానికి చివరి సంఖ్య ఇదీ అని ప్రకటిస్తుంది. జీఫోర్స్ 8 నుంచి 300 శ్రేణి వరకు గల చిప్‌లకు 2016 డిసెంబరులో వచ్చిన 342.01, ఫెర్మీ తరం చిప్‌లకు 2018 మార్చిలో వచ్చిన 391.35 ఇలాంటి ఆఖరి మైలురాళ్లు. 32 బిట్ల విండోస్‌కు కూడా ఆ సంస్థ మద్దతు ఈ రెండో దాని దగ్గరే ఆగింది. కెప్లర్ తరానికి కొత్త ఆటల కోసం ఇచ్చే మెరుగుదలలు 2021లో నిలిచిపోగా, భద్రతా సవరణలు 2024 దాకా సాగాయి. విండోస్ లోపల ఈ డ్రైవర్లు వేరే సంఖ్యతో కనబడి తికమక పెడతాయి: 23.21.13.9135 అని ఉన్నచోట చివరి ఐదంకెలను తీసుకుని, చివరి రెండింటికి ముందు చుక్క పెడితే 391.35 అవుతుంది.

ఏటీఐ 1985లో కెనడాలో పుట్టి, 2006లో ఏఎండీలో కలిసిపోయింది. కేటలిస్ట్ పేరుతో నెలనెలా డ్రైవర్లు విడుదల చేసిన కాలం దానికి మంచి పేరు తెచ్చింది గాని, పాత చిప్‌లను వదిలేయడంలో ఆ సంస్థ ఎన్విడియా కంటే తొందరపడిందనే చెప్పాలి. రేడియాన్ హెచ్‌డీ 2000, 3000, 4000 శ్రేణులు 2012లో ప్రధాన స్రవంతి నుంచి తప్పించబడి 2013తో ఆగిపోయాయి. హెచ్‌డీ 5000, 6000 శ్రేణులను 2015 నవంబరులో వదిలేసి, చివరగా క్రిమ్సన్ 16.2.1 అనే ప్రయోగాత్మక డ్రైవర్‌ను మిగిల్చింది. హెచ్‌డీ 7000 శ్రేణిలో కొత్త నిర్మాణం గల చిప్‌లకు 2021 దాకా మద్దతు సాగింది. అయితే 2012 ప్రాంతపు లాప్‌టాప్‌లలో కనబడే హెచ్‌డీ 7670ఎం మాత్రం పేరుకు ఏడు వేల శ్రేణి, చిప్ పాత తరానిదే, కాబట్టి దాని గడువు 2015 నాటి గడువే.

ఇళ్లలో, బడుల్లో, నెట్ సెంటర్లలో మిగిలి ఉన్న పాత కంప్యూటర్లలో అత్యధికం వేరే కార్డు లేకుండా ఇంటెల్ ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ మీద నడిచేవే. వీటి డ్రైవర్ సంఖ్యలో మొదటి భాగం అది ఏ తరం విండోస్ కోసం తయారైందో స్థూలంగా చెబుతుంది: 6 ఎక్స్‌పీకి, 7 విస్టాకు, 8 విండోస్ 7కు, 9 విండోస్ 8కు, 10 విండోస్ 8.1కు, 20తో మొదలయ్యేవి విండోస్ 10కు. 945జీ చిప్‌సెట్‌కు 8.15.10.1930 అనేది విండోస్ 7 మీద ఆఖరిది. 2011లో వచ్చిన రెండో తరం కోర్ ప్రాసెసర్లలోని హెచ్‌డీ 2000, 3000 గ్రాఫిక్స్‌కు ఇంటెల్ విండోస్ 10 కోసమంటూ డ్రైవర్ ఇవ్వలేదు. అయినా 9తో మొదలయ్యే విండోస్ 8 నాటి డ్రైవర్ అక్కడ బాగానే పనిచేస్తుంది. ‘అధికారిక మద్దతు లేదు’ అన్న మాటకు ‘పనిచేయదు’ అని అర్థం చెప్పుకుని ఇలాంటి కంప్యూటర్లను తీసేయడం తొందరపాటు. ఇంటెల్ 2019లో కాలం చెల్లిన ఉత్పత్తుల డ్రైవర్లను, బయోస్ ఫైళ్లను తన డౌన్‌లోడ్ కేంద్రం నుంచి తొలగించడంతో, అప్పటిదాకా సులువుగా దొరికినవాటిని పాత కంప్యూటర్ల ఔత్సాహికులు నడిపే భాండాగారాల్లోనూ, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ వెతకవలసి వస్తోంది.

మిగిలిన తయారీదారుల కథ క్లుప్తమైనది. 3డీఎఫ్ఎక్స్ ఆస్తులను 2000 చివరలో ఎన్విడియా కొనుక్కుంది. ఎస్3, సిస్, వయా సంస్థల చిప్‌లు చవక బోర్డుల్లో విరివిగా వచ్చేవి. మెర్క్యురీ పేరుతో భారత విపణిలో అమ్ముడైన మదర్‌బోర్డుల్లో వయా, సిస్ చిప్‌సెట్లు గలవి చాలా ఉన్నాయి. అలాంటి అసెంబుల్డ్ పీసీకి బోర్డు మీది పేరుతో వెతికితే దొరకని డ్రైవర్, పరికర సంఖ్యతో వెతికితే దొరికే అవకాశం ఉంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి బజార్లలో అమరిన కంప్యూటర్లకు సంస్థ వారి సహాయ పేజీ అంటూ ఏదీ ఉండదు గనుక, వాటి విషయంలో ఈ పద్ధతే శరణ్యం.

లాప్‌టాప్‌ల ప్రత్యేకత

డెస్క్‌టాప్‌కు చిప్ తయారీదారు డ్రైవర్ సరిపోతుంది. లాప్‌టాప్‌లో తెర వెలుతురు, మూత వేస్తే నిద్రపోవడం, వేడిని అదుపు చేయడం వంటివి కూడా గ్రాఫిక్స్ డ్రైవర్‌తో ముడిపడి ఉంటాయి కాబట్టి, లాప్‌టాప్ సంస్థలు తమ మోడల్‌కు సవరించిన డ్రైవర్లను విడిగా ఇచ్చేవి, చిప్ తయారీదారు సాధారణ డ్రైవర్ చాలాకాలం లాప్‌టాప్‌ల మీద ఎక్కేది కాదు. కారణం సాంకేతికమైనదేమీ కాదు. ప్రతి డ్రైవర్‌తోనూ ఐఎన్ఎఫ్ అనే మామూలు పాఠ్య ఫైలు ఒకటి వస్తుంది. ఆ డ్రైవర్ ఏయే గుర్తింపు సంఖ్యల మీద ఎక్కవచ్చో అందులో జాబితా ఉంటుంది. లాప్‌టాప్ ‘సబ్‌సిస్’ సంఖ్య ఆ జాబితాలో లేకపోతే, చిప్ అదే అయినా ఇన్‌స్టాలర్ నిరాకరిస్తుంది. జాబితాలో ఒక వరుస చేర్చి డ్రైవర్‌ను ఒప్పించడం ఔత్సాహికులకు పాత విద్యే. అయితే ఫైలు మార్చగానే డ్రైవర్ సంతకం చెల్లకుండా పోతుంది, 64 బిట్ల విండోస్‌లో సంతకం తనిఖీని ఆపితే తప్ప అది ఎక్కదు.

రెండు గ్రాఫిక్స్ చిప్‌లున్న లాప్‌టాప్‌లు మరింత జాగ్రత్త కోరుతాయి. ఎన్విడియా 2010లో ప్రవేశపెట్టిన ఆప్టిమస్ పద్ధతిలో తెర ఇంటెల్ చిప్‌కే అతికి ఉంటుంది. ఎన్విడియా చిప్ బొమ్మను గీసి ఇంటెల్ చిప్ చేతికి ఇస్తుంది. అందుచేత ముందు ఇంటెల్ డ్రైవర్, తరవాత ఎన్విడియా డ్రైవర్ వేయాలి. ఏఎండీ తొలినాటి మార్పిడి పద్ధతిలో రెండు చిప్‌ల డ్రైవర్లనూ కలిపి లాప్‌టాప్ సంస్థే ఒక ప్యాకేజీగా ఇచ్చేది, దాన్ని కాదని విడివిడిగా వేస్తే నల్లటి తెర ఎదురయ్యేది. ఇలాంటి లాప్‌టాప్‌లకు చాలా సందర్భాల్లో సంస్థ ఇచ్చిన ఆఖరి ప్యాకేజీ, దానితో వచ్చిన విండోసే క్షేమం.

లినక్స్‌లో పరిస్థితి

లినక్స్‌లో అత్యధిక డిస్‌ప్లే డ్రైవర్లు కెర్నల్‌తోనూ, మీసా అనే గ్రాఫిక్స్ గ్రంథాలయంతోనూ కలిసి వస్తాయి కాబట్టి వాడేవారు విడిగా వెతకవలసిన పని సాధారణంగా ఉండదు. పరికర సంఖ్యలు చూడాలంటే ఎల్ఎస్‌పీసీఐ అనే ఆదేశానికి ఎన్ఎన్ అనే సూచన జోడిస్తే, పేరు పక్కనే చదరపు బ్రాకెట్లలో 8086:2772 వంటి జంట కనబడుతుంది. విండోస్‌లో వదిలేసిన ఇంటెల్, ఏటీఐ చిప్‌లు చాలావరకు ఇక్కడ సజీవంగా ఉన్నాయి. 945జీ గల కంప్యూటర్ తేలికపాటి లినక్స్‌తో నేటికీ నిండు రిజల్యూషన్‌లో వెలుగుతుంది. ఎన్విడియా విషయంలో మాత్రం రెండు దారులు. సంస్థ ఇచ్చే మూసిన డ్రైవర్లలో 304, 340, 390, 470 అనే పాత శాఖలు వరుసగా జీఫోర్స్ 6-7, 8 నుంచి 300, ఫెర్మీ, కెప్లర్ తరాలకు చెందుతాయి. కెర్నల్ మారినప్పుడల్లా వాటిని కొత్త కెర్నల్‌తో కలిపి మళ్లీ కూర్చవలసి వస్తుంది గనుక, శాఖ మూతపడిన కొన్నాళ్లకు అవి కొత్త కెర్నళ్లతో అతకడం మానేస్తాయి. స్వచ్ఛంద కార్యకర్తలు చిప్‌ల నడకను బయటినుంచి పరిశీలించి రాసిన నూవో డ్రైవర్ 2010లో 2.6.33 కెర్నల్‌లో చేరింది. అది వేగంలో వెనకబడినా తెరను సరిగా వెలిగిస్తుంది.

ఇక్కడా తొలగింపులు లేకపోలేదు. 2022లో వచ్చిన మీసా 22.0 నుంచి బాగా పాత చిప్‌ల డ్రైవర్లను తీసి, ఆంబర్ అనే విడి శాఖలో పెట్టారు. 2023 నాటి 6.3 కెర్నల్ ఇంటెల్ ఐ810, మ్యాట్రాక్స్, రేజ్ 128, శావేజ్, సిస్, 3డీఎఫ్ఎక్స్, వయా చిప్‌ల పాత త్రీడీ డ్రైవర్లను తొలగించింది. సిస్ మిరాజ్ 3 గ్రాఫిక్స్ గల లాప్‌టాప్‌లు లినక్స్‌లో మొదటినుంచీ అనాథలే. వెడల్పాటి తెరకు తగిన రిజల్యూషన్ కోసం కూడా వాటి యజమానులు నానా తంటాలు పడ్డారు.

సేకరణ, స్థాపన

డ్రైవర్ కోసం చూడవలసిన క్రమం లాప్‌టాప్‌కు దాని తయారీ సంస్థ పేజీ, డెస్క్‌టాప్‌కు చిప్ తయారీదారు పేజీ, రెండింటికీ ఆ తరవాత మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్. ఈ చివరిదానికి దక్కవలసినంత ప్రచారం దక్కలేదు. అందులో ‘వెన్’, ‘డెవ్’ సంఖ్యల జంటను ఉన్నదున్నట్టు వెతుకుడు పెట్టెలో ఇస్తే, మైక్రోసాఫ్ట్ తనిఖీ చేసి సంతకం పెట్టిన డ్రైవర్లు తేదీలతో సహా జాబితాగా వస్తాయి. దిగిన క్యాబ్ ఫైలును విప్పి, డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్ ఎంచుకుని, ఆ ఫోల్డర్‌ను చూపిస్తే సరిపోతుంది. ఇన్‌స్టాలర్ నిరాకరించిన డ్రైవర్ కూడా ఈ దారిలో కొన్నిసార్లు ఎక్కుతుంది. కంప్యూటర్ మొత్తాన్ని పరిశీలించి అన్ని డ్రైవర్లూ తాజా చేస్తామని ఊరించే ఉచిత ప్రోగ్రాములు అనేకం ఉన్నా, వాటిలో చాలావరకు ప్రకటనలనూ అనవసరపు సరంజామానూ వెంటబెట్టుకొస్తాయి, కొన్నింటితో వైరస్‌లు కూడా దిగుతాయి; వాటి జోలికి పోకపోవడమే మేలు.

కొత్తది ఎక్కించే ముందు పాత డ్రైవర్ అవశేషాలను తొలగించాలి, ముఖ్యంగా ఏఎండీ కార్డు తీసి ఎన్విడియా కార్డు పెట్టినప్పుడు. సేఫ్ మోడ్‌లో, అంటే కనీస డ్రైవర్లతో కంప్యూటర్‌ను మొదలుపెట్టి, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ప్రోగ్రాముతో శుభ్రం చేయడం సాంకేతిక నిపుణులలో స్థిరపడిన పద్ధతి. ఆ పని జరుగుతున్నంతసేపూ ఇంటర్నెట్ తీగ పీకి ఉంచడం అవసరం. లేకుంటే విండోస్ 10 తనంత తానుగా వేరే డ్రైవర్ దింపి, శుభ్రం చేసిన చోటనే కూర్చోబెడుతుంది. తప్పు డ్రైవర్ ఎక్కి తెర నల్లబడితే కంగారు పడనక్కరలేదు. సేఫ్ మోడ్ సాధారణ డ్రైవర్‌నే వాడుతుంది కాబట్టి అక్కడికి వెళ్లి రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కితే మునుపటి స్థితి తిరిగి వస్తుంది.

ఏ డ్రైవరూ దొరకని ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కు చివరి ఉపాయం పీసీఐ ఎక్స్‌ప్రెస్ గడిలో చవకైన వేరే కార్డు అమర్చడం. 2004కు ముందరి బోర్డుల్లో ఆ గడి ఉండదు. వాటిలోని ఏజీపీ గడికి సరిపోయే కార్డులు సెకండ్ హ్యాండ్ బజారులో తప్ప దొరకవు. సన్నటి కేబినెట్ అయితే సగం ఎత్తు కార్డే పడుతుంది, పాత పవర్ సప్లై అయితే విడిగా కరెంటు తీగ కోరని కార్డే తగినది. ఈ షరతులన్నిటికీ సరిపోయి తక్కువ ధరకు దొరికేది సాధారణంగా జీఫోర్స్ 210 గాని జీటీ 710 గాని అవుతుంది. మొదటిదానికి ఆఖరి డ్రైవర్ 2016 నాటి 342.01 కనుక, విండోస్ 10 కోసం కొనేవారికి కెప్లర్ చిప్ గల రెండోదే మెరుగైన ఎంపిక. జీటీ 730 తీసుకునే పక్షంలో డబ్బు చెల్లించక ముందే దుకాణంలో ఒక కంప్యూటర్‌కు పెట్టించి పరికర సంఖ్య 1287 అవునో కాదో చూసుకోవాలి.